మలుపు కాడ సప్పుడు

"మెల్లగ రా బిడ్డా. ఇగ తొందరేం లేదు."

మా అత్తమ్మ ఫోన్‌లో ఈ మాట అన్నప్పుడు నేను ఉప్పల్ చౌరస్తాలో, మెట్రో పిల్లర్ల కింద, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. పక్క సీట్లో ఫ్లాస్కు, అందులో పల్చగా కాచిన రాగి జావ. దవాఖానాలో ఉన్న మా మామయ్య కోసం తీసుకెళ్తున్నాను. అంతే, అత్తమ్మ ఫోన్ పెట్టేసింది. రోజూ ఫోన్ చేసి "ఎక్కడిదాక వచ్చినవ్, జల్ది రా" అనే మనిషి మెల్లగా రమ్మంటే దానికి అర్థం ఒక్కటే.

పచ్చ లైటు పడింది, వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి, నా కాలు కదల్లేదు. ఒక ఆటో అతను తిడదామని పక్కకొచ్చి, నా ముఖం చూసి, "పోనియ్యి అక్కా, ఏం గాదు, మెల్లగ పోనియ్యి" అన్నాడు. పోనిచ్చాను. కారు కదలగానే ముందు ఎడమ చక్రం కీచుమంది. కొన్నాళ్లుగా వస్తోంది ఆ చప్పుడు. మామయ్య మంచం పట్టాక దాన్ని వినేవాళ్లు లేరు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కాలనీ సంఘంవాళ్లు పెట్టిన సంతాప సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ "నిరాడంబరుడు, స్నేహశీలి" అని ఊదరగొట్టారు. స్నేహశీలి! మా గల్లీలో కార్లున్నవాళ్లలో సగం మంది ఆయన గేటు దగ్గర నిలబడి కనిపిస్తే చాలు, రివర్స్ చేసుకుని వెనక గల్లీ నుంచి పోయేవారు. "చక్రాలాయన ఉన్నడు, దొరికితే ఇడువడు" అని నవ్వుకునేవారు. అవన్నీ నాకు తెలుసు. సభలో వినలేక మధ్యలోనే లేచి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

మామయ్యది భువనగిరి దిక్కు పల్లె. పెళ్లి కాకముందే నాచారం వచ్చి, పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో చేరి, షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యారు. తెల్ల బనియను, గళ్ల లుంగీ, చెవిలో ఎప్పుడూ దూది. మిషన్ల మోతలో పనిచేసినప్పటి అలవాటు అది. ఇంట్లో కూడా తీసేవారు కాదు. టీవీ పెద్దగా పెట్టుకుని వార్తలు చూసేవారు. కారుకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. చివరిదాకా ఆయనకు డ్రైవింగ్ రాదు.

సంబంధం ఎట్లా కలిసిందో చెప్పాలంటే ముందు మా దుమ్ము గురించి చెప్పాలి. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు పోయే రోడ్డు మీద పైవంతెన పనులు మొదలైన నాటి నుంచి మా దిక్కు ఏం జరిగినా దుమ్మే కారణం. దగ్గు వస్తే దుమ్ము. మిక్సీ తిరగకపోతే దుమ్ము. ఫ్రిజ్ మోగితే దుమ్ము. కోడలు కొనుక్కున్న కొత్త చీర ఒక్క ఉతుక్కే వెలిసిపోయినా దుమ్మే. "ఉప్పల్ దుమ్ము" అంటే చాలు, అక్కడితో ఆ విషయం అయిపోయేది. ఎవ్వరూ దేన్నీ విప్పి చూసేవారు కాదు.

ఆ రోజు పొద్దున మా ఆయన ఆఫీసు పని మీద జనగామ బయల్దేరుతున్నారు. సెకండ్ హ్యాండ్ కారు మాది. గేటు బయటికి తీస్తుంటే ముందు చక్రం దగ్గర కీచుమంది. "నాయినా, ఏందో సప్పుడొస్తుంది జర సూడు" అన్నారు. మామయ్య టీ గ్లాసుతో గేటు దాకా వచ్చారు. ఒక చెవిలో దూది తీశారు. కారు ఒక గజం ముందుకు, ఒక గజం వెనక్కు పోనిచ్చారు మా ఆయన. మామయ్య ఆఖరి గుక్క తాగి, "ఉప్పల్ దుమ్మురా. రెండు బకెట్ల నీళ్లు కొడితే పోతది" అన్నారు. తానే బకెట్ తెచ్చారు, తానే లుంగీ ఎగగట్టి చక్రాల మీద కొట్టారు. మళ్లీ కదిలిస్తే చప్పుడు లేదు. "సూశినవా, నేను జెప్పలే?" అని కొడుకు భుజం చరిచారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూసింది అదే ఆఖరు.

ఘట్‌కేసర్ దాటాక రోడ్డు మీద ఒక లారీ ఆగిపోయి ఉంది. చెడిపోయిన బండి వెనక నాలుగు చెట్టుకొమ్మలు పెడతారు కదా, వచ్చేవాళ్లకు తెలియడానికి, అవి కూడా పెట్టలేదు. మా ఆయన కారు పోయి దాని వెనక గుద్దుకుంది. పొద్దుటి ఎండలో, చక్కటి వెలుతురులో. ఇంతకంటే నేను రాయలేను.

దినాలు అయ్యీ కాకముందే మామయ్య పోలీస్ స్టేషన్ వెనక స్థలంలో పడేసిన ఆ కారు దగ్గరికి పోయారు. నాచారంలో మా ఇంటికి దగ్గర్లో బ్రేకుల షెడ్డు నడిపే మేస్త్రిని బతిమాలి వెంట తీసుకుపోయారు. ముందు ఎడమ వైపు మొత్తం లోపలికి మడుచుకుపోయింది. మేస్త్రి వంగి చూసి, లేచి, "ఏం జెప్తం సారూ. ఏం మిగల్లే" అన్నాడు. తిరిగొస్తుంటే దారిలో మామయ్య ఆ పొద్దున జరిగింది చెప్పారు. మేస్త్రికి అబద్ధం చెప్పడం రాదు. ఆ క్షణం ఆ మనిషికి జర అబద్ధం ఆడటం వచ్చి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో!

మేస్త్రి చెప్పింది ఇది. బ్రేకు ప్యాడ్ పక్కన ఒక చిన్న రేకు ఉంటుందట. ప్యాడ్ అరిగిపోగానే ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. "అరిగాను, మార్చండి" అని చెప్పడానికే దాన్ని పెడతారట. దుమ్ము చేరినా దాదాపు అట్లాంటి చప్పుడే వస్తుంది. "దుమ్మైతే కడిగినంక పోతది సారూ, మళ్ల రాదు. రేకైతే తడి ఉన్నంత సేపే నోరు మూసుకుంటది. రెండుమాట్ల బ్రేకు తొక్కంగనే తడారి మళ్ల కూస్తది."

మా గేటు నుంచి గల్లీ చివర పాల బూత్ దగ్గర మలుపు దాకా రెండు స్పీడ్ బ్రేకర్లున్నాయి. రెండు దగ్గరా బ్రేకు తొక్కాల్సిందే. అంటే మలుపు దగ్గరికి పోయేసరికి తడి ఆరిపోయి ఉండాలి. అక్కడ మళ్లీ చప్పుడు వచ్చి ఉంటే అది రేకు. రాకపోతే దుమ్ము. దుమ్మైతే మామయ్య చెప్పింది నిజం, బ్రేకులు మంచిగానే ఉన్నాయి, తప్పంతా లారీవాడిది. రేకైతే కొడుకును అరిగిన బ్రేకులతో హైవే మీదికి పంపింది తానే, నీళ్లు కొట్టి మరీ.

అప్పటి నుంచి ఆయనకు ప్రపంచంలో తెలుసుకోవాల్సింది ఒక్కటే మిగిలింది. మలుపు కాడ సప్పుడొచ్చిందా?

పాల బూత్ అతన్ని అడిగారు. ఇస్త్రీ బండి ఆమెను అడిగారు. "ఏమో సార్, యాదికి లేదు" అన్నారు వాళ్లు. ఎవరికి యాదికుంటుంది? రోజూ ఎన్ని బండ్లు పోతాయి! కానీ ఆ పొద్దున మలుపు దగ్గర అత్తమ్మ ఉంది. పాల ప్యాకెట్లు తీసుకుని ఇంటికొస్తుంటే కొడుకు కారులోంచి చెయ్యి ఊపి పోయాడు. ఆమెను అడిగితే ఒక్కటే మాట. "నేను వాని మొఖం జూసిన. సప్పుడు ఇనలే."

ఆయన అడగడం మానలేదు. ఆమె జవాబు మారలేదు. అన్నం తింటూ ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "మలుపు కాడ…" అనేవారు. అత్తమ్మ చారు పోస్తూ, "ఇనలే అన్న గదా" అనేది. "దుమ్ము" అన్న మాట మా ఇంట్లోంచి లేచిపోయింది. కిటికీలు తుడిచేటప్పుడు కూడా అత్తమ్మ "మన్ను" అనేది.

మామయ్య చెవిలో దూది తీసేశారు. టీవీ బంద్. పొద్దున టిఫిన్ కాగానే మేస్త్రి షెడ్డుకు పోయి ఒక పాత టైరు మీద కూర్చునేవారు. వచ్చిన ప్రతి కారునూ వినేవారు. మేస్త్రి మొదట జాలిపడ్డాడు, తర్వాత విసుక్కున్నాడు, తర్వాత తన టీతో పాటు ఆయనకూ ఒకటి చెప్పడం మొదలుపెట్టాడు.

నేను నాగారంలో ఒక స్కూల్లో టీచరుగా చేరాను. చేరతానన్నప్పుడు మా చుట్టాల్లో కొందరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చి, భర్త పోయిన ఆడది ఎట్లా ఉండాలో నాకు చెప్పబోయారు. నా చేతి గాజుల దగ్గర మొదలుపెట్టారు. నాకసలే కోపం ఎక్కువ, నోరు తెరవబోయాను. నాకంటే ముందు మామయ్య లేచారు. "తప్పు జేసినోణ్ణి నేనున్న. అడిగేదేమన్న ఉంటే నన్నడుగుండ్రి. పిల్ల జోలికి రాకుండ్రి" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవ్వరూ ఆ ప్రస్తావన తేలేదు. ఆ ఒక్క పూటకు నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

బస్సులు మారలేక కొన్నాళ్లకు నేను కారు నేర్చుకుని, పాతదే ఒకటి కొన్నాను. ఇంటి ముందు దాన్ని ఆపిన రోజు మామయ్య బయటికి రాలేదు. అత్తమ్మ నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, హారతిచ్చి, కారు వైపు మళ్లీ చూడకుండా లోపలికి పోయింది. నాకు ఒళ్లు మండింది. ఎన్నాళ్లు ఏడుస్తాం, ఎన్నాళ్లు నడుస్తాం అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆదివారం పొద్దున నేను తాళం చెవి తీసుకుని బయటికి వచ్చేసరికి ఆయన ఎడమ సీట్లో కూర్చుని ఉన్నారు. "పారిశ్రామికవాడ దిక్కు పోనియ్యి బిడ్డా" అన్నారు.

అట్లా మొదలైంది మా గోడ. ఫ్యాక్టరీలన్నీ ఆదివారం మూసి ఉంటాయి. లోపలి రోడ్డులో ఒక పొడవాటి కాంపౌండ్ గోడ ఉంది. దాని పొంటి, పక్కపక్కనే, నడిచినంత వేగంతో కారు పోనిస్తే చక్రం చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చి కిటికీలోంచి చెవిలో పడుతుంది. బయట వినపడని చప్పుడు కూడా అక్కడ దాగదు.

"అద్దాలు దించు. ఏసీ బంద్ జెయ్యి. ఫోను ఎనక సీట్ల ఎయ్యి. ఇగ మెల్లగ పోనియ్యి."

పోనిచ్చాను. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, అరచెయ్యి గోడ వైపు తెరిచి పట్టుకున్నారు. చెవితో వినేదాన్ని చేత్తో పట్టుకుంటున్నట్టు. చిన్నపిల్లల చేష్టలా ఉందని నవ్వు కూడా వచ్చింది నాకు. కొంచెం దూరం పోయాక, "గాజుల సప్పుడొస్తుంది బిడ్డా" అన్నారు. అనేసి, గతుక్కుమన్నారు. నేను స్టీరింగ్ వదిలి గాజులు పైకి తోసుకోబోతుంటే, "వద్దు, వద్దు, కదపకు. అది గాజుల సప్పుడని నాకెరికే. నేను యేరు జేసుకుని ఇంట" అన్నారు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయామో, ఒక్కసారి కూడా గాజుల మాట ఎత్తలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మీలో కారున్నవాళ్లకు పనికొస్తుందేమో చెప్తాను. చప్పుడు వస్తుంటే ముందు బ్రేకు మెల్లగా తొక్కి చూడాలి. తొక్కితే ఆగి, వదిలితే వచ్చేది చాలాసార్లు ఆ రేకు చప్పుడే. బ్రేకుతో పనిలేకుండా, కుడివైపు తిప్పినప్పుడు పెరిగే మోత ఎడమ చక్రం బేరింగుది. బరువు అటు పడుతుంది కాబట్టి. గుంతలో పడ్డప్పుడే మూలిగితే అది చక్రం కాదు, పైన రబ్బరు ఎండిపోయింది. నా కారులో ఆ మొదటి ఆదివారం వచ్చిన చప్పుడు ఇవేవీ కాదు. డిస్కు వెనక రేకు కవచంలో ఒక కంకర రాయి ఇరుక్కుంది. మేస్త్రి తీసి చేతిలో పెడితే మామయ్య దాన్ని చాలాసేపు చూశారు. అయితే ఇవన్నీ చెప్పాక ఆయన చివర్లో ఒక మాట కలిపేవారు. "చెవిని నమ్మకు. చెవి ఊకె తొందర పడతది. చక్రం ఇప్పించు."

ఆ మాట మీదే గల్లీలో గొడవలు. ఏ కారు కీచుమన్నా ఆయన రోడ్డుకు అడ్డం నిలబడేవారు. "జర ఆపుండ్రి" అని ముందు చక్రం దగ్గర గొంతుకూర్చునేవారు. మా గల్లీలోనే ఉండే మా స్కూలు టీచరమ్మ ఒకామె ఆయన మాట విని చక్రం విప్పిస్తే, ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయి ఉంది. ఆమె రోజూ ఇద్దరు పిల్లలనేసుకుని తిరుగుతోంది ఆ కారులో. పండ్లు తీసుకుని మా ఇంటికొచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. నిప్పు తొక్కినట్టు కాళ్లు వెనక్కు లాక్కున్నారు. "నా కాళ్లు మొక్కకు తల్లీ. నీకు తెల్వదు" అని లోపలికి పోయి తలుపేసుకున్నారు. ఆమె బిత్తరపోయింది. ఏం చెప్పి పంపానో నాకిప్పుడు గుర్తులేదు.

మా ఎదురింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు, బ్యాంకులో పని. ఒక పొద్దున అతని కారు కీచుమంది. మామయ్య బానెట్ ముందు నిలబడ్డారు.

"ఏంటండీ బాబాయ్ గారూ ఇది! రోజూ ఇదే గోలా? అవతల ఆఫీసుకి లేటైపోతోందండీ."

"మొక్కుత బాబూ. చక్రం ఇప్పియ్యి. అరగంట పని."

"దుమ్మండీ అది! ఊరందరికీ తెలుసు. మీకొక్కరికే అర్థం కాదు."

ఆ మాట వినగానే మామయ్య రెండు చేతులతో బానెట్ పట్టుకోవడం నేను గుమ్మంలోంచి చూశాను. అంతే, దూకాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు. అతను బెదిరిపోయి, సరే మహాప్రభో అని, నీళ్లు కొట్టి చూద్దామన్నాడు. మామయ్య బకెట్ ముట్టుకోలేదు. అతనే కొట్టాడు. చప్పుడు ఆగింది. మామయ్య కారు వెంట నడిచారు, స్పీడ్ బ్రేకర్లు దాటి, మలుపు దాకా, మళ్లీ వెనక్కి, మళ్లీ మలుపు దాకా. బనియను చెమటకు తడిసిపోయింది. చప్పుడు రాలేదు.

"చూశారా? దుమ్మేనండీ" అని నవ్వి వెళ్లిపోయాడతను.

మామయ్య ఇంట్లోకి వచ్చి నేల మీద కూలబడ్డారు. "గాయన బండి సప్పుడు, ఆనాటి సప్పుడు ఒక్కతీర్గనే ఉన్నయి బిడ్డా. జర్ర గూడ తేడా లేదు" అన్నారు. తర్వాత అత్తమ్మ వైపు చూశారు. కొత్తగా మళ్లీ ఆశ పుట్టింది ఆ ముఖంలో. అది చూడటం నా వల్ల కాలేదు. "నిజం జెప్పు. మలుపు కాడ నీకు ఏం ఇనపడలేదా?"

"ఇనలే" అని అత్తమ్మ బియ్యం చేట తీసుకుని వంటింట్లోకి పోయింది.

నేను పక్కన కూర్చుని, "దుమ్మే అనుకోండి మామా. ఎవరికీ తెల్వనప్పుడు దుమ్మే అనుకుంటే ఏం బాయె? నేను అట్లనే అనుకుంటున్న" అన్నాను.

"అనుకున్నందుకే గదా బిడ్డా గిట్లయింది" అన్నారు.

నేను లేచి ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఆయనకు దగ్గు మొదలైంది. గల్లీలో అందరూ ఉప్పల్ దుమ్మన్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. బరువు తగ్గారు, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి రమ్మంటే రేపు, ఎల్లుండి. నాకు సహనం నశించింది. "ఊళ్లో ఉన్న చక్రాలన్నీ ఇప్పించినోళ్లు, మీ ఛాతీ ఒక్క ఫోటో తీయించుకోరా? మీకు ఒక రూలు, మాకొక రూలా?" అని గట్టిగా అరిచాను. "నాదేముంది బిడ్డా. అరిగేది అరుగుతది" అన్నారు, ఎంత నిమ్మళంగా అన్నారో! కాళ్లూచేతులూ కట్టేసినంత పని చేసి కారులో కూర్చోబెట్టి తీసుకుపోతే, డాక్టరు ఎక్స్‌రే ఫోటో లైటుకు పట్టి చూసి, ఊపిరితిత్తులు చాలావరకు పోయాయన్నాడు. ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందని అడిగాడు. నేను మామయ్య వైపు చూశాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు. ఆయనకు ముందే తెలుసని నాకు ఆ క్షణాన అర్థమైంది.

ఇంటికీ దవాఖానాకూ తిరిగాను. ఆక్సిజన్ పెట్టారు. మాస్కు కింద ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖమంత అయిపోయింది. చూపు మసకబారి, మనుషులను గొంతును బట్టి పోల్చుకుంటున్నారు. పోయే ముందు రోజు సాయంత్రం నేను మందులు తీసుకుని వచ్చేసరికి కొంచెం తెలివిలో ఉన్నారు. మాస్కు పక్కకు జరుపుకుని, "బండి సప్పుడొస్తుందా?" అన్నారు.

"వస్తుంది మామా. ఎడమ దిక్కు."

"ఇప్పియ్యి."

"ఇప్పిస్త."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. అత్తమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన అరికాళ్లు రుద్దుతోంది. ఆయన ఆమె వైపు తల తిప్పారు. ఏమడుగుతారో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"మలుపు కాడ…"

అత్తమ్మ చేతులు ఆగాయి. ఎప్పుడూ అనే మాట కోసం నేను ఎదురుచూశాను. ఆమె ఆ మాట అనలేదు. లేచి, ఆయన చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"రాలే. నేను నిలబడి ఇన్న. బండి మలుపు మర్రినంక గూడ ఇన్న. ఏ సప్పుడు రాలే."

ఆయన మసక కళ్లతో ఆమె ముఖాన్ని వెతికారు. భుజాలు దిగాయి. ఇన్నేళ్లుగా బిగించి పెట్టుకున్న దవడ వదులైంది. "గట్లనా" అన్నారు. "దుమ్మే అన్నట్టు" అన్నారు. నేను మందుల సంచి అక్కడే పెట్టి వరండాలోకి పోయి ఏడ్చాను. ఆయనకు విడుదల దొరికిందని ఏడ్చాను. ఈ ఒక్క మాట ఈమె ముందే చెప్పి ఉండకూడదా అని కోపం కూడా వచ్చింది. తెల్లారాక ఆయన పోయారు.

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, మొన్న ఆదివారం, కారు మేస్త్రి దగ్గరికి తీసుకుపోదామని బయల్దేరాను. ఆయనకు మాటిచ్చాను కదా. అత్తమ్మ చెప్పులేసుకుని గేటు దగ్గరికి వచ్చి, "నేనూ వస్త" అంది. ఎన్నడూ వెనక సీట్లో తప్ప కూర్చోని మనిషి, ముందు తలుపు తీసుకుని మామయ్య సీట్లో కూర్చుంది. బెల్టు నేనే పెట్టాను. గల్లీ దాటాం, పాల బూత్ దగ్గర మలుపు తిరిగాం. చక్రం కూసింది. ఆమె ముందుకే చూస్తూ కూర్చుంది.

"ఆయన నిన్ను యాడికి తీస్కపోతుండె?" అంది.

పారిశ్రామికవాడ లోపలికి తిప్పాను. రోడ్డంతా ఖాళీ. గోడ మొదలుకాగానే ఆమె వైపు అద్దం దించి, వేగం తగ్గించాను. చప్పుడు గోడకు తగిలి లోపలికి వచ్చింది. సన్నగా, ఆగకుండా, చక్రం ఎంత తిరిగితే అంత. అత్తమ్మ వింటోంది. గోడ సగం అయ్యాక నోరు విప్పింది.

"గిదే."

"ఏంది అత్తమ్మా?"

"గిదే సప్పుడు. పాల ప్యాకెట్లు నా చేతుల ఉండె. వాడు చెయ్యూపిండు. బండి మర్రంగనే గిట్లనే కూసింది."

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. తొక్కగానే చప్పుడు ఆగిపోయింది.

"మరి దవాఖానల రాలేదన్నవు…"

"అన్న." ఆమె నా వైపు తిరగలేదు. "మొదటి నాడే ఉన్నదున్నట్టు జెప్తే ఉరేసుకుంటుండె ఆయన. రాలేదంటే నమ్మకపోతుండె, నా మొఖం జూసి అబద్ధం పట్టుకుంటుండె. అందుకే ఇనలే అన్న. ఆఖరికి ఆయనకు సూపు ఆనకుంటైనంక రాలేదన్న."

ఆమెను గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది, భుజాలు పట్టుకుని కుదపాలనీ అనిపించింది. ఆయన ఊరందరినీ అడిగి తిరిగిన మాట, రోజూ ఆయన కంచంలో అన్నం పెట్టిన ఈ చేతుల్లోనే ఉంది. ఆయనకు కొడుకు పోయాడు, తప్పు తనదేమోనన్న అనుమానం మిగిలింది. ఈమెకు కొడుకు పోయాడు, అనుమానం కూడా మిగల్లేదు. అన్నీ తెలిసి ఆ మనిషికి చారు పోసింది, బనియన్లు ఉతికింది, పక్కన పడుకుంది.

"పోనియ్యి బిడ్డా" అంది. "ఆపకు."

బ్రేకు వదిలాను. కారు కదిలింది, చప్పుడు మళ్లీ మొదలైంది. అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, అరచెయ్యి గోడ వైపు తెరిచింది. గోడ అయిపోయేదాకా ఆ చెయ్యి లోపలికి తియ్యలేదు.